ఒక్కపొద్దు వెనుక

పాలకుర్తి ప్రాంతమున, హాస్టలునుండియో పట్నమునుండియో ఇంటికి వచ్చిన పిల్లను చూచినంతనే పెద్దవాండ్ర నోట వెలువడు మొదటి మాట నేటికిని ఒక్కటే: “ఏంది బిడ్డా, గింత బక్కగైనవు? తింటలేవా?” ఈ పలకరింపు వెనుక కరవు నెఱిగిన తరముల భయము కలదు. మక్కగట్కతోను అంబలితోను దినములు వెళ్ళబుచ్చిన ఇండ్లలో దేహము సన్నబడుట యనగా జ్వరమో, ఆకలియో, ఒకరితో చెప్పుకొనరాని మనోవ్యథయో అయి యుండెడిది. ఒళ్ళు చేసినదనగా ఆ యేడు చెఱువు నిండినదనియు, గాదె నిండినదనియు, ఇంట నెమ్మది కలదనియు ఊరివారు గ్రహించెడివారు. ఆ ప్రశ్నకు పూర్వము పిల్లలు కొంచెము చిన్నబుచ్చుకొని, “తింటనే ఉన్న” అని బదులు చెప్పి వంటింటిలోనికి పోయెడివారు. నేడు అదే ప్రశ్న విని కన్నులలో వెలుగు నింపుకొను పిల్లలను నేను చూచుచున్నాను. పెద్దల చింత వారి చెవికి మెప్పుగా వినబడుచున్నది. ఆ మెప్పుకొఱకై వారు తమ తల్లులకు సైతము తెలియనీయక చేయుచున్న పనియే నాచేత ఈ వ్యాసము వ్రాయించుచున్నది.

మా వాడకట్టులోని ఒక ఇల్లాలు తన కూతురి భక్తిని గూర్చి నాతో ఎంతయో సంతోషముతో చెప్పినది. పదునెనిమిదేండ్ల ఆ పిల్ల డిగ్రీ మొదటి సంవత్సరము చదువుచున్నది. సోమవారము గుట్టమీది సోమేశ్వరస్వామికి, గురువారము సాయిబాబాకు, శనివారము వేంకటేశ్వరునకు ఒక్కపొద్దు పట్టుచున్నది. పొద్దుగూకిన పిదప ఒక్కపొద్దు విడుచు వేళకు సైతము అన్నము ముట్టక, ఒక అరటిపండు తిని, గుక్కెడు పాలు త్రాగి పండుకొనుచున్నది. “మా కాలంల ఒక్క శనివారం ఉండుడే కష్టమయ్యేది, అక్కా. నా బిడ్డ నిష్ఠ చూడు,” అని ఆ తల్లి మురిసిపోయినది. కొన్నాళ్ళకు ఆ పిల్లయే మా ఇంటికి వచ్చి, కళాశాల మెట్లెక్కునప్పుడు కన్నులు బైర్లు గమ్ముచున్నవనియు, తల దువ్వుకొన్నచో వెండ్రుకలు కుచ్చులుగా దువ్వెనకు వచ్చుచున్నవనియు చెప్పి, చాలసేపు ఊరకుండి, తుదకు మెల్లగా, “దేవునికి కాదు, పెద్దమ్మా. అమ్మ గట్లనుకుంటాంది. నేను యాభై కిలోలున్న, నలభై రెండుకు రావాలె,” అనినది. పేరు చెప్పక వ్రాయుటకు అనుమతి నిచ్చినదియు ఆమెయే.

ఆ పిల్ల యెత్తు 155 సెంటీమీటర్లు. కిలోలలోని బరువును మీటర్లలోని యెత్తు యొక్క వర్గముచే భాగించి దేహస్థితిని అంచనా కట్టు పద్ధతి యొకటి వైద్యులలో వాడుకయందున్నది. పందొమ్మిదవ శతాబ్దిలో బెల్జియము దేశపు గణితవేత్త కెత్లే జనసమూహముల సగటును తెలిసికొనుటకై దానిని ఏర్పఱచెను గాని, అద్దము ముందు నిలిచిన ఒక్క పిల్లను శిక్షించుటకై కాదు. ఆ లెక్క చొప్పున 50 కిలోలున్న ఈ పిల్లకు వచ్చు అంకె 20.8. 18.5కు దిగువ నున్నవారిని పోషణ చాలనివారనియు, మన ఆసియావాసుల విషయమున 23కు మించినవారిని జాగ్రత్త పడవలసినవారనియు చెప్పుదురు. కాబట్టి ఆమె బరువునందు తప్పు లేదు. ఆమె చేరగోరిన 42 కిలోలయందే తప్పున్నది, ఏలయన అప్పుడు వచ్చు అంకె 17.5. ఆరోగ్యవతియైన ఒక యువతి పోషకాహారలోపమును గమ్యముగ పెట్టుకొని, దైవమును సాకుగ పెట్టుకొని, వారమునకు మూడు దినములు పస్తుండుచున్నది.

ఈ నలువదిరెండు ఎక్కడినుండి వచ్చినదని అడిగితిని. ఫోనులో ఏదో రీల్‌నందు, ముఖ మెఱుగని ఒకతె తన బరువు నలువదిరెండని చెప్పినదట. అంతకు మించి ప్రమాణము లేదు. ఆ మాటల నడుమ ఆ పిల్ల తన ఫోటో నొకదానిని నాకు చూపినది. శివరాత్రి జాతరనాడు గుడి మండపమున నిలిచి తీయించుకొన్నది. ఇంటికి వచ్చిన పిదప ఫోనులోనే నడుమును సన్నము చేసి స్నేహితురాండ్రకు పంపినది. బొమ్మను వ్రేళ్ళతో పెద్దది చేసి చూచితిని. ఆమె వెనుకనున్న రాతిస్తంభము, ఆమె నడుము సరిగా ఎచ్చట కుదింపబడినదో అచ్చటనే, లోనికి వంగి యున్నది. శతాబ్దములుగా చెదరక నిలిచిన స్తంభము వంగుట ఎవరి కంటికిని ఆనలేదు. చూచినవారందఱును నడుమునే మెచ్చుకొనిరి. ఆ మెప్పు ఆమెను సంతోషపెట్టక పోగా, ఆ బొమ్మలోని నడుముతో తన నడుమును పోల్చుకొను క్రొత్త దుఃఖమును తెచ్చిపెట్టినది. పరుల అందముతో పోల్చుకొని బాధపడుట పాత సంగతియే. తనదే యైన ఒక అబద్ధపు రూపముతో పోల్చుకొని తన్ను తాను అసహ్యించుకొనుట ఈ తరమునకే దాపురించిన వ్యథ.

ఫోనొక్కటే దీనికి మూలమని నేననను. చలనచిత్రము మనకు దేహమును చూచుట నేర్పి అనేక దశాబ్దము లైనది. 1957లో వచ్చిన మాయాబజార్ చిత్రమున మహాకాయుడైన ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడై తెరమీద నిలిచినప్పుడు ఆ స్థూలకాయము గాంభీర్యమునకు ఆలవాలమై వెలిగినది. ఆ ఘటోత్కచుడే శశిరేఖ రూపు దాల్చినట్లు సావిత్రి చూపిన నడకను, దర్పమును తెలుగు ప్రేక్షకులు నేటికిని తలచుకొని ఆనందించుచున్నారు. అయితే లావుగా నున్నవానిని హాస్యమునకై నిలిపి, వాడు కూర్చున్న కుర్చీ విఱుగుటను వినోదముగ చూపిన చిత్రములును మనకు తక్కువ లేవు. పిదప కథానాయకుల దేహములే చర్చకు వచ్చినవి. 2007 సంవత్సరమున దేశముదురు చిత్రమున అల్లు అర్జున్ ఆరు పలకల ఉదరమును చూపగా, అదే సంవత్సరము యమదొంగ చిత్రమునకై చిన్న ఎన్.టి.ఆర్. ఎంతో బరువు తగ్గి కనిపించగా, మన పల్లెల మగపిల్లలు మొదటిసారి చొక్కా విప్పి అద్దము చూచుకొనిరి. ఆ పిల్లలు నేడు మండల కేంద్రములలోని జిమ్ములలో, డబ్బాలలో అమ్ము పొడులను పాలలో కలుపుకొని త్రాగుచున్నారు. అందేమి కలిసినదో అమ్మువానికిని తెలియదు, కొనువానికిని తెలియదు.

ఆడువారి విషయమున ఈ చూపు మఱింత నిర్దాక్షిణ్యమైనది. న్యూజెర్సీలో పుట్టి, 2001లో నువ్వు నాకు నచ్చావ్ చిత్రముతో తెలుగువారి ఇంటి పిల్లయైన ఆర్తి అగర్వాల్, 2015 జూన్ 6న అదే న్యూజెర్సీలో ముప్పదియొక్క యేండ్ల వయసున మరణించినది. అంతకు కొన్ని వారముల ముందే ఆమె దేహమునుండి క్రొవ్వు తీయించుకొను శస్త్రచికిత్స చేయించుకొనినదని పత్రికలన్నియు వ్రాసినవి. ఆమె ఒళ్ళు చేసినదని అంతకు పూర్వము వ్రాసినవియు సినిమా పుటలే. అదే సంవత్సరము నవంబరు 27న, ప్రకాశ్ కోవెలమూడి దర్శకత్వమున సైజ్ జీరో అను చిత్రము విడుదలయ్యెను; అందు స్థూలకాయయైన నాయికగా కనిపించుటకై అనుష్క నిజముగనే బరువు పెంచుకొనినది; త్వరగా సన్నబఱచెదమని చెప్పి మనుష్యులను మోసగించు కేంద్రములను ఆ కథ ఎదిరించినది. ఇది మెచ్చుకొనదగిన సాహసము. కాని ఆ చిత్రము వెడలిన పిదప మన సినిమా పుటలు ఆ కథలోని ప్రశ్నను విడిచిపెట్టి, ఆ నటి మరల ఎప్పుడు సన్నబడునను చర్చను మాత్రము యేండ్ల తరబడి సాగించినవి. ఒక మరణమును, ఒక చిత్రమును ఒక్క సంవత్సరముననే చూచియు మనము నేర్చుకొనలేకపోతిమి.

చిత్రములు చూచినంత మాత్రమున పిల్లలు తిండి మానుదురా యని సందేహించువారికి ఫిజీ దీవుల వృత్తాంతము చెప్పవలసియున్నది. 1903 మొదలు మదరాసు రేవునుండి మన తెలుగు కూలీలు చెఱకు తోటలలో పనికై ఓడలెక్కి పోయిన దేశమది. అచ్చటి మూలవాసుల సంప్రదాయమున నిండైన దేహమే అందము. అతిథిని కొసరి కొసరి తినిపించుటయే మర్యాద. ఎవరైన సన్నబడినచో బంధువులు కలతపడి, ఆకలి మందగించినదేమో యని మందిప్పించెడివారు. మన ముసలమ్మల పలకరింపునకును వారి పలకరింపునకును భేదము లేదు. 1995లో ఆ దేశమున నడ్రోగా అను ప్రాంతమునకు టెలివిజన్ వచ్చెను. హార్వర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆన్ బెకర్ అను విదుషి టెలివిజన్ వచ్చిన తొలి వారములలోను, తిరిగి మూడేండ్లకు 1998లోను, ఆ ప్రాంతపు పాఠశాల బాలికలను ప్రశ్నించి చూచినది. మొదటి పర్యాయము, బరువు తగ్గుటకై తిన్నదానిని వాంతి చేసికొను బాలిక ఒక్కతెయు లేదు. మూడేండ్లకు నూటికి పదునొకరికి పైగా, లెక్కకు 11.3 శాతము మంది, ఆ పని చేయుచుండిరి. నూటికి 74 మంది తాము మిక్కిలి లావుగ నున్నామని ఒక్కొక్కప్పుడైన అనుకొన్నట్లు చెప్పిరి. తరతరముల అభిరుచి మూడు సంవత్సరములలో తలక్రిందు లయ్యెను. ఆ బాలికలు మూఢులు గారు. తెరమీద కనిపించు విదేశీయ యువతులకు ఉద్యోగములు, స్వేచ్ఛ, గౌరవము ఉండుట చూచి, ఆ దేహము వచ్చినచో ఆ జీవితము వచ్చునని తలచిరి. పాలకుర్తి పిల్లయు ఇంతకు భిన్నముగ తలచుట లేదు.

ఆ 1995లోనే మన ఇండ్లలోనికి జెమినీ, ఈటీవీ చానెళ్ళు వచ్చినవి. అయినను ఆ టెలివిజన్ నట్టింట ఒక్కటియే యుండెను; అందఱును కలిసి చూచిరి; అవ్వ ఒక మాట విసరెడిది, తండ్రి ఒక మాట అనెడివాడు, ఆ మాటల నడుమ తెరమీది బొమ్మ బలము కొంత తగ్గెడిది. నేటి తెర పిల్ల అఱచేతిలోనిది. అర్ధరాత్రి దుప్పటి క్రింద ఆమె దానితో ఒంటరిగ నుండును. బరువు తగ్గుటను గూర్చిన దృశ్యము నొకదానిని తుదివఱకు చూచెనా, అటువంటివే మఱి పది ఆ యంత్రము ఆమె ముందు పఱచును. ఆమె దుఃఖించిన కొలది ఎక్కువసేపు చూచును, ఆమె చూచిన కొలది ప్రకటనల ఆదాయము పెరుగును. ఇది నా ఊహ గాదు. 2021 సెప్టెంబరులో ఫేస్‌బుక్ సంస్థ అంతరంగ పత్రములు వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక ద్వారమున బయటపడినప్పుడు, యుక్తవయసు బాలికలలో ముగ్గురిలో ఒకరికి తమ దేహమును గూర్చిన బాధను ఇన్‌స్టాగ్రామ్ అధికము చేయుచున్నదని ఆ సంస్థ పరిశోధకులే వ్రాసికొనినట్లు లోకమునకు తెలిసినది. సంస్థవారు ఆ వ్రాతలకు ఆ అర్థము కాదని వాదించిరి. కాని మా ఇంటికి వచ్చిన పిల్లను చూచిన నాకు ఆ వాదముపై విశ్వాసము కలుగలేదు. దిద్దిన ప్రకటనచిత్రములపై దిద్దినదని వ్రాయవలెనని ఫ్రాన్సు 2017లోను, నార్వే 2022లోను నియమము పెట్టినవి. అట్టి నియమము మనకును రావలెను.

ఇచ్చట విజ్ఞులు ఒక ఆక్షేపణ చేయుదురు. సన్నని నడుమును కొనియాడుట మన ప్రబంధకవులు చేయలేదా? రామప్ప గుడిలో నల్లరాతి మదనికలు సన్నగా, పొడవుగా నిలువలేదా? చేసిరి, నిలిచినవి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ దేవాలయమున ఆ మదనికల సౌష్ఠవమును చూచి తన్మయత్వము చెందనివారుండరు. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీకై హైదరాబాదు వచ్చిన సుందరాంగులు వరంగల్లును, రామప్పను దర్శించినప్పుడు, ఆ మదనికల ప్రక్కన వారు దిగిన చిత్రములను మన పిల్లలు ఫోనులలో ఆసక్తితో చూచిరి. కాని శిల్పి ఆ మదనికను చెక్కినప్పుడు పొలమున నాటువేయు స్త్రీకి, నీవును ఆమె వలె కావలెనని చెప్పలేదు. ఆమె వలె కానిచో నీ బ్రదుకు వ్యర్థమని చెప్పి పొడి డబ్బా నమ్మలేదు. కొలుచుటకు చూచిన అందము వేఱు, అమ్ముటకు చూపిన అందము వేఱు. మా పాలకుర్తి ఐలమ్మ, విసునూరు దేశముఖు నెదిరించి తాను పండించిన ధాన్యమును ఇంటికి చేర్చుకొనిన చాకలి ఐలమ్మ, లావుగ నుండెనో సన్నగ నుండెనో అడిగినవారెవ్వరును లేరు. మూటలు మోసిన చేతులు, నాగలి వెంట నడచిన కాళ్ళు, పిల్లలను మోసిన కడుపు, ఇవి ఆమె దేహము. ఆమె విగ్రహము ముందునుండియే మన ఆడపిల్లలు ప్రతిదినము కళాశాలకు పోవుచున్నారు.

అధిక బరువు అపాయకరము కాదని నేను చెప్పుట లేదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చొప్పున తెలంగాణమున 15 మొదలు 49 యేండ్ల స్త్రీలలో నూటికి 30 మందికి బరువు మితిమీరి యున్నది. మధుమేహము, రక్తపుపోటు పల్లెలలోనికి వచ్చి చాలకాలమైనది. అదే సర్వే చొప్పున నూటికి దాదాపు 19 మంది స్త్రీలు ఉండవలసిన బరువుకంటె తక్కువగ నున్నారు. నూటికి 57 మందికి పైగా రక్తహీనత కలదు. ఒక్క ఊరిలో, ఒక్కొక్కప్పుడు ఒక్క ఇంటిలోనే, ఈ రెండు విపత్తులును కాపురముండుచున్నవి. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగ పుట్టి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన మన జాతీయ పోషకాహార సంస్థ, బరువు తగ్గవలసినవారు సైతము వారమునకు అరకిలో చొప్పున నెమ్మదిగ తగ్గవలెననియే చెప్పుచున్నది. రీల్‌లు చెప్పునది నెలకు పది కిలోలు. రక్తము చాలని పిల్లకు పస్తును బోధించు ఆ ముఖ మెఱుగని గురువులు ఆ పిల్ల మూర్ఛిల్లిన దినమున కనబడరు.

ఈ విషయమును తలచుచున్నప్పుడు పాలకుర్తివాడే యైన కవి సోమనాథుడు నా మనసునకు పదే పదే వచ్చుచున్నాడు. అతని బసవపురాణమున బెజ్జమహాదేవి కథ యొకటి కలదు. శివునకు అందఱు చుట్టములును ఉండియు తల్లి లేకపోయెనే యని ఆమె పరితపించినది. తల్లియే యున్నచో కొడుకును విషము త్రాగనిచ్చునా, పాములను మెడ కెక్కించుకొననిచ్చునా, వల్లకాటిలో తిరుగనిచ్చునా యని వగచి, తానే తల్లియై, ఆ దేవదేవుని పసిబిడ్డను చేసి, నూనె అంటి, నలుగు పెట్టి, నీళ్ళు పోసి, కాటుక దిద్ది, పాలు పట్టి పెంచినది. ఆ తల్లి చేతులలో దేహము తూచబడుట లేదు, చూడబడుట లేదు. తాకబడుచున్నది, కడుగబడుచున్నది, పోషింపబడుచున్నది. తెలుగు కావ్యములలో మానవదేహమునకు దక్కిన గొప్ప గౌరవములలో ఇది యొకటియని నా నమ్మకము, అందును ఆ దేహము దేవునిది. ఏ సోమేశ్వరుని పేర ఆ పిల్ల సోమవారము పస్తున్నదో, ఆ స్వామికి పాలు పట్టిన తల్లి కథ ఆ గుట్ట నీడనున్న ఊరి కవియే చెప్పినాడు. ఆ కథను నేనా పిల్లకు చెప్పితిని. ఆమె చాలసేపు ఏమియు అనలేదు, పిదప, “అయితే ఒక్కపొద్దు ఉండుడు తప్పా, పెద్దమ్మా?” అని అడిగినది. తప్పు కాదంటిని, దేవునికై యున్నది దేవునికే చెందుననియు, అద్దమునకై యున్నది అద్దమునకే చెందుననియు అంటిని. మఱునాడు తల్లియు కూతురును కలిసి ఆరోగ్యకేంద్రమునకు పోయి రక్తము పరీక్ష చేయించుకొనిరి.

మన నోటిమాటలను గూర్చియు ఒక సంగతి చెప్పవలసియున్నది. “బొండం”, “డ్రమ్ము”, “పుల్ల” యని పిల్లలకు ముద్దుపేర్లు పెట్టినవారము మనమే. పెండ్లిచూపులలో పిల్ల ముందే ఆమె ఒడ్డు పొడుగులను చర్చించినవారము మనమే. ఫోను వచ్చి మాటాడుటకు పూర్వమే ఆ పిల్లల చెవులను ఆ మాటలకు సిద్ధము చేసితిమి. పరాయి తెరను నిందించుటకు ముందు మన నాలుకను అదుపున పెట్టుకొనుట న్యాయము.

తల్లులారా, మీ పిల్ల అకస్మాత్తుగ వారమునకు రెండు మూడు ఒక్కపొద్దులు మొదలుపెట్టినచో, నిష్ఠయని మురియుటకు ముందు ప్రక్కన కూర్చుండి నెమ్మదిగ కారణ మడుగుడు, అడుగుచు కసరవలదు. అధ్యాపకులారా, ఫోను తెచ్చినందుకు దండించుట మాని, ఒక్క గంటసేపు ఆ ఫోనునే తరగతిలో తెఱచి, నడుము నెట్లు సన్నము చేయుదురో, వెనుకనున్న స్తంభ మెట్లు వంగునో పిల్లలచేతనే చేయించి చూపుడు. తల తిరుగుచున్నదని, వెండ్రుకలు రాలుచున్నవని, నెలసరి తప్పుచున్నదని పిల్ల చెప్పినచో అది సోమరితనము కాదని నమ్ముడు. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమున రక్తపరీక్షకు రుసుము లేదు. పిల్లను వెంటబెట్టుకొని పోయి వచ్చుటకు ఒక పూట చాలును.